ఒకే పేరు, నాలుగు క్యాంపస్‌లు: బీటెక్‌కు మెయిన్ క్యాంపసా, దగ్గర్లోని కొత్త క్యాంపసా?

మే నెల వచ్చిందంటే నా ఫోన్‌కు ఒకే రకం ప్రశ్నలు వస్తుంటాయి. "సార్, మావాడికి వెల్లూరు విట్‌లో అడిగిన బ్రాంచ్ రాలేదు, అమరావతిలో వస్తోంది. పేరు అదేగా, కట్టేయమంటారా?" "గీతంలో వైజాగ్ మంచిదా, హైదరాబాద్ మంచిదా?" "బిట్స్ హైదరాబాద్ అంటే పిలానీతో సమానమేనా?" గుంటూరులో ఇంటర్ పిల్లలకు లెక్కలు చెబుతున్నాను కాబట్టి, సీటు వచ్చాక ఏం చేయాలో కూడా నాకు తెలిసే ఉంటుందని తల్లిదండ్రుల నమ్మకం. ఆ నమ్మకాన్ని నిలబెట్టుకోవడానికే కొన్నేళ్లుగా ఈ క్యాంపస్‌ల సంగతి కాస్త లోతుగా చూస్తున్నాను. ఫోన్‌లో పది నిమిషాల్లో చెప్పలేనివన్నీ ఇక్కడ రాస్తున్నాను.

గేటు మీద ఒకే పేరు ఉన్నంత మాత్రాన లోపల ఉన్నది ఒకే కాలేజీ కాదు. కొన్నిచోట్ల దాదాపు ఒకటే, కొన్నిచోట్ల సగం ఒకటి, ఇంకొన్నిచోట్ల చట్టం ప్రకారమే వేరు. అది తేల్చుకోకుండా ఫీజులూ ప్యాకేజీలూ పోల్చుకుంటూ కూర్చుంటే లెక్క మొదట్లోనే తప్పుతుంది.

పట్టా ఎవరిస్తారు?

కౌన్సెలింగ్‌కు వెళ్లినప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే. నాలుగేళ్ల తర్వాత మా అమ్మాయి చేతికొచ్చే డిగ్రీ సర్టిఫికెట్ మీద ఏ యూనివర్సిటీ పేరు ఉంటుంది? ప్లేస్‌మెంట్ల గురించి గంటసేపు చెప్పగలిగే కౌన్సెలర్లు కూడా కొందరు ఇక్కడ నీళ్లు నములుతారు.

బిట్స్ సంగతి తేలిక. 1964లో పిలానీలో యూనివర్సిటీ అయింది. 2000లో దుబాయ్, 2004లో గోవా, 2008లో హైదరాబాద్ శామీర్‌పేట దగ్గర క్యాంపస్‌లు వచ్చాయి. ఎక్కడ చదివినా డిగ్రీ బిట్స్ పిలానీదే. మన దేశంలోని మూడు పాత క్యాంపస్‌ల ఇంజినీరింగ్ సీట్లకూ బిట్‌శాట్ ఒక్కటే పరీక్ష, సిలబస్ ఒక్కటే. చివరి ఏడాది ఐదున్నర నెలలు కంపెనీలో పనిచేసే ప్రాక్టీస్ స్కూల్ అవకాశం కూడా అన్ని క్యాంపస్‌లలో ఉంటుంది.

విట్ దగ్గరకొచ్చేసరికి కథ మారుతుంది. వెల్లూరు, చెన్నై, అమరావతి, భోపాల్ నాలుగింటికీ విటీ ట్రిపుల్ ఈ అనే ప్రవేశ పరీక్ష ఒక్కటే రాస్తారు, ఒకే కౌన్సెలింగ్‌లో క్యాంపస్, బ్రాంచ్, ఫీజు కేటగిరీ ఎంచుకుంటారు. చూసేవాళ్లకు ఒకే కాలేజీలో నాలుగు సెక్షన్లలా కనబడుతుంది. కానీ 2010లో మొదలైన చెన్నై క్యాంపస్ వెల్లూరు సంస్థలో భాగం, డిగ్రీ కూడా దానిదే. 2017లో అమరావతి ప్రాంతంలోని ఇనవోలు దగ్గర మొదలైన విట్-ఏపీ మాత్రం ఆంధ్రప్రదేశ్ చట్టం కింద పుట్టిన వేరే యూనివర్సిటీ. భోపాల్ కూడా అలాగే మధ్యప్రదేశ్‌లో వేరేది. యాజమాన్యం ఒకటే, డిగ్రీలు వేరు. నీరుకొండలోని ఎస్ఆర్ఎం-ఏపీ కూడా ఇంతే. అది కట్టంకుళత్తూరు ఎస్ఆర్ఎంకు బ్రాంచ్ కాదు, సొంతంగా ఒక యూనివర్సిటీ.

గీతం, కేఎల్, అమృత లాంటివి డీమ్డ్ యూనివర్సిటీలు, అంటే రాష్ట్ర చట్టంతో కాకుండా కేంద్రం యూనివర్సిటీ హోదా ఇచ్చినవి. యూనివర్సిటీలను పర్యవేక్షించే కేంద్ర సంస్థ యూజీసీ అనుమతితో ఇవి వేరే నగరాల్లో, వేరే రాష్ట్రాల్లో కూడా ఆఫ్ క్యాంపస్‌లు పెట్టుకోవచ్చు. గీతం 2009లో హైదరాబాద్ దగ్గర రుద్రారంలో, 2012లో బెంగళూరు దగ్గర దొడ్డబళ్లాపురలో మొదలుపెట్టింది. వడ్డేశ్వరం కేఎల్‌కు హైదరాబాద్ శివార్లలో అజీజ్‌నగర్ క్యాంపస్ ఉంది. కోయంబత్తూరు అమృత మంగళగిరి పక్కకే వచ్చింది. వీటిలో డిగ్రీ ఒకటే. డిగ్రీ ఒకటైనంత మాత్రాన పాఠాలు చెప్పేవాళ్లూ ల్యాబులూ ఒకటైపోవు, ఆ సంగతికి తర్వాత వస్తాను.

రాష్ట్ర చట్టంతో పుట్టిన ప్రైవేట్ యూనివర్సిటీల సంగతి కూడా తెలుసుకుంటే మంచిది. 2002లో ఛత్తీస్‌గఢ్ ఒక చట్టం చేసింది. దాని చలవతో వందకు పైగా ప్రైవేట్ యూనివర్సిటీలు పుట్టుకొచ్చాయి. కొన్నింటికి సరైన భవనమే లేదు. 2005లో ప్రొఫెసర్ యశ్‌పాల్ కేసులో సుప్రీంకోర్టు ఆ సెక్షన్లను కొట్టేసింది, రాష్ట్ర చట్టంతో పుట్టిన యూనివర్సిటీ పరిధి ఆ రాష్ట్రం దాటకూడదని తేల్చింది. అందుకే రాష్ట్ర చట్టంతో పుట్టిన సంస్థలు పక్క రాష్ట్రానికి వెళ్లాలంటే అక్కడి చట్టం కింద మళ్లీ కొత్త యూనివర్సిటీ పెట్టుకోవాలి. దీన్నిబట్టి మీరు పట్టుకోవాల్సిన జాగ్రత్త ఒకటుంది. ఎక్కడో ఉత్తరాది రాష్ట్రపు ప్రైవేట్ యూనివర్సిటీకి "హైదరాబాద్ క్యాంపస్" ఉందని, అది ఏ అమీర్‌పేటలోనో రెండో అంతస్తులో ఉందని కన్సల్టెన్సీవాళ్లు చెబితే, ఇక ఫీజు అడగక్కర్లేదు, లేచి వచ్చేయండి. అలాంటి క్యాంపస్ చెల్లదు. డీమ్డ్ అయితే ఆ ఆఫ్ క్యాంపస్‌కు అనుమతి ఉందో లేదో యూజీసీ వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు.

వేరే యూనివర్సిటీ అన్నంత మాత్రాన తక్కువదని నేను అనడం లేదు. విట్-ఏపీలో బాగా స్థిరపడిన పిల్లలు నాకు తెలుసు. కాకపోతే వెల్లూరుకు వచ్చిన ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకును (కేంద్రం ఏటా ఇచ్చే ర్యాంకు), న్యాక్ గ్రేడును (సంస్థ నాణ్యతకు ఇచ్చే గ్రేడు) చూసి అమరావతికి డబ్బు కట్టకూడదు. అమరావతి మార్కులు అమరావతివే, అవి అడిగి చూడాలి.

మా అక్క కూతురితో చూసిన రెండు క్యాంపస్‌లు

మూడేళ్ల క్రితం మా అక్క కూతురికి ఒకే సంస్థ రెండు క్యాంపస్‌లలో సీటు వచ్చింది. పాత క్యాంపస్‌లో ఈసీఈ, నగరం దగ్గరి కొత్త దాంట్లో సీఎస్ఈ. "చూసొద్దాం పద మామయ్యా" అని తనే బయల్దేరదీసింది. పేర్లు చెప్పను, ఎందుకంటే ఇది ఆ ఒక్క సంస్థ కథ కాదు.

కొత్త క్యాంపస్ చూడగానే కళ్లు చెదిరాయి. అద్దాల భవనం, ఏసీ రిసెప్షన్, వెళ్లగానే చేతికి జ్యూసు. ఎలక్ట్రానిక్స్ ల్యాబ్ చూపించమంటే తాళం కోసం పావుగంట వెతికారు. లోపల ముప్పై దాకా ఆసిలోస్కోపులు ఉన్నాయి. సగం వాటికి కంపెనీ నుంచి వచ్చిన ప్లాస్టిక్ కవర్లు ఇంకా అలాగే ఉన్నాయి. తెర మీద అంటించిన పల్చటి పొర కూడా తీయలేదు. మా అమ్మాయి ఒకదాని మీద వేలితో గీస్తే దుమ్ములో గీత పడింది.

పాత క్యాంపస్‌లో భవనాలకు పెచ్చులూడుతున్నాయి. ల్యాబ్‌లోకి అడుగుపెడుతుండగానే సోల్డరింగ్ వాసన. నలుగురు కుర్రాళ్లు ఒక బోర్డు చుట్టూ మూగి వాదించుకుంటున్నారు. పక్కన స్టూలు మీద కూర్చున్న ల్యాబ్ అసిస్టెంటు తలెత్తకుండానే "కెపాసిటర్ తిరగేసి పెట్టారు చూడండ్రా" అన్నాడు. ఇరవై ఏళ్లుగా అదే ల్యాబ్‌లో ఉన్నాడట. నాకు ఆ మాటతోనే సగం విషయం తేలిపోయింది. భవనం రెండేళ్లలో కట్టొచ్చు. ఆ స్టూలు మీది మనిషి తయారవడానికి చాలా కాలం పడుతుంది.

రెండు చోట్లా గేటు బయట టీ బంకు దగ్గర ఫైనలియర్ పిల్లల్ని పలకరించాం. "కాలేజీ బాగుంటుందా?" అని అడిగితే ఎవరైనా బాగుంటుందనే అంటారు. అలా కాకుండా "పోయిన సెమిస్టర్‌లో మీకు ఏ సబ్జెక్టు ఎవరు చెప్పారు? వాళ్లు ఇంకా ఉన్నారా?" అని అడిగాం. కొత్త క్యాంపస్ కుర్రాడు వేళ్లు లెక్కపెట్టి, ఐదుగురిలో ముగ్గురు మారిపోయారని చెప్పాడు. ఒక సబ్జెక్టుకైతే మెయిన్ క్యాంపస్ నుంచి వారానికోసారి ఒక సార్ వచ్చి వెళ్లేవారట. బ్రోషర్‌లో మాత్రం ఆయన పేరు ఫుల్‌టైమ్ ఫ్యాకల్టీ జాబితాలో ఉంది.

మీరు వెళ్లినప్పుడు ల్యాబ్, టీ బంకు, హాస్టల్ మెస్, ఈ మూడూ చూడకుండా రావద్దు. అమ్మాయిల తల్లిదండ్రులు ఇంకొకటి కూడా అడగండి. రాత్రి పూట జ్వరం ముదిరితే ఏ ఆసుపత్రికి, ఎవరు, ఏ బండిలో తీసుకెళ్తారు? ఊరికి దూరంగా కొత్తగా వెలిసిన క్యాంపస్‌లలో ఈ ప్రశ్నకు వార్డెన్ తడుముకోకుండా జవాబు చెప్పాలి.

నగరం పేరు, నగరానికి దూరం

"హైదరాబాద్ క్యాంపస్ అయితే కంపెనీలు పక్కనే ఉంటాయి, ఇంటర్న్‌షిప్‌లు దొరుకుతాయి" అనేది అందరూ చెప్పే మాట. మ్యాప్ తీసి చూడండి. రుద్రారం పటాన్‌చెరు దాటాక వస్తుంది. శామీర్‌పేట నగరానికి ఉత్తరాన, హైటెక్ సిటీ నగరానికి పడమరన. దొడ్డబళ్లాపుర నుంచి బెంగళూరు ఐటీ కంపెనీలున్న చోటికి వెళ్లాలంటే పూట గడిచిపోతుంది. విట్ చెన్నై వండలూరు–కేలంబాక్కం రోడ్డు మీద ఉంది. వందల ఎకరాలు నగరం నడిబొడ్డున ఎవరికీ దొరకవు మరి.

దానికి తోడు 75 శాతం హాజరు ఉండాలనే నిబంధన ఉన్నచోట, సోమవారం నుంచి శనివారం దాకా క్లాసులు పెట్టుకుని నగరంలో ఇంటర్న్‌షిప్ ఎప్పుడు చేస్తారు? కాబట్టి అడగాల్సింది దూరం ఒక్కటే కాదు. చివరి సెమిస్టర్ మొత్తం బయట పనిచేయడానికి కాలేజీ ఒప్పుకుంటుందా? క్రెడిట్లు ఇస్తుందా? ఒప్పుకుంటే క్యాంపస్ ఏ నగరంలో ఉన్నా పెద్ద ఇబ్బంది లేదు. ఒప్పుకోకపోతే పక్క సందులోనే కంపెనీ ఉన్నా పిల్లాడికి అందదు.

నగరం వల్ల నిజంగా కలిసొచ్చేది వేరే ఉంది. మంచి అధ్యాపకులు కుటుంబంతో స్థిరపడటానికి పెద్ద నగరం వైపే మొగ్గుతారు. కొన్నేళ్లు గడిచాక ఆఫ్ క్యాంపస్ మెయిన్ క్యాంపస్‌ను దాటిపోయే అవకాశం ఉందంటే ముఖ్యంగా ఇందుకే. అందువల్ల నగరం దగ్గరి క్యాంపస్‌ను తీసిపారేయక్కర్లేదు. ఎన్ని బ్యాచ్‌లు బయటికొచ్చాయో చూడండి.

ఇల్లు దగ్గర కదా అని చేర్చేవాళ్లకు ఒక మాట. ప్రతి శనివారం ఇంటికొచ్చే పిల్లాడికి క్యాంపస్‌లో స్నేహితులు, క్లబ్బులు, రాత్రుళ్లు చేసే ప్రాజెక్టులు అందవు. మొదటి ఏడాది నెలకోసారికి మించి రావొద్దని ముందే చెప్పుకోండి. ఆరోగ్యం బాగాలేని పిల్లలకు, ఇంట్లో అవసరాలున్న పిల్లలకు మాత్రం ఇల్లు దగ్గరగా ఉండటమే అన్నిటికంటే పెద్ద సౌకర్యం. అక్కడ ర్యాంకులు చూడకండి.

ప్లేస్‌మెంట్ అంకెల్లో దాగేవి

ఫ్లెక్సీ మీద కనిపించే అత్యధిక ప్యాకేజీ ఒక్క విద్యార్థిది. అది ఏ క్యాంపస్ విద్యార్థిదో ఫ్లెక్సీ చెప్పదు. చాలా సంస్థలు అన్ని క్యాంపస్‌ల లెక్కల్నీ కలిపి ప్రచురిస్తాయి. ఇరవై వేలమంది ఉన్న పాత క్యాంపస్ అంకెలు, రెండు వేలమంది ఉన్న కొత్త క్యాంపస్ బోర్డు మీద కూడా వేసేస్తారు.

ఎన్ఐఆర్ఎఫ్‌లో పాల్గొనే ప్రతి సంస్థా తాను ఇచ్చిన వివరాలను తన వెబ్‌సైట్‌లో పెట్టాలి. అందులో ఎంతమంది చేరారు, ఎంతమంది సకాలంలో పాసయ్యారు, ఎంతమందికి ఉద్యోగాలొచ్చాయి, మధ్యస్థ జీతం ఎంత, ఇవన్నీ ఉంటాయి. మధ్యస్థ జీతం అంటే అందర్నీ జీతం ప్రకారం వరుసలో నిలబెడితే సరిగ్గా మధ్యలో ఉన్నవాడి జీతం. మీ పిల్లాడికి రాబోయేదాన్ని అంచనా వేయడానికి అత్యధిక ప్యాకేజీ కంటే అదే నమ్మదగ్గది. డీమ్డ్ సంస్థలకు ఈ వివరాలు కూడా క్యాంపస్‌లన్నీ కలిపి ఉండొచ్చు. కాబట్టి ఈ క్యాంపస్ నుంచి, ఈ బ్రాంచ్ నుంచి ఎంతమంది రిజిస్టర్ అయ్యారు, ఎంతమందికి వచ్చాయి అని మెయిల్ చేసి అడగండి. నోటిమాటగా వద్దు. మెయిల్‌కు జవాబు రాలేదంటే, అదీ ఒక జవాబే అనుకోండి.

మరో సంగతి, కంపెనీలు అన్ని క్యాంపస్‌లకూ కలిపి డ్రైవ్ పెడతాయా, విడివిడిగానా? కలిపి పెడితే కొత్త క్యాంపస్ పిల్లలకు పాత పేరు కలిసొస్తుంది. విడివిడిగా అయితే ఆ క్యాంపస్ పేరు మీదే కంపెనీ రావాలి.

సాంకేతిక కోర్సుల నాణ్యతను చూసి ఇచ్చే ఎన్‌బీఏ గుర్తింపు కూడా అడగండి. న్యాక్ మొత్తం సంస్థకు ఇస్తే, ఎన్‌బీఏ ఒక్కో ప్రోగ్రామ్‌కు ఇస్తుంది. మెయిన్ క్యాంపస్ సీఎస్ఈకి ఉన్నంత మాత్రాన కొత్త క్యాంపస్ సీఎస్ఈకి ఉన్నట్టు కాదు. రెండు బ్యాచ్‌లు బయటికి వస్తేగానీ దానికి దరఖాస్తు కూడా చేయలేరు, కాబట్టి కొత్త క్యాంపస్‌కు లేకపోవడం తప్పేమీ కాదు. లేదని చెప్పకుండా మెయిన్ క్యాంపస్ సర్టిఫికెట్ చూపిస్తే మాత్రం తప్పే.

ఇంతకీ ఏది ఎంచుకోవాలి?

బిట్స్ అయితే నేను బ్రాంచ్ వైపే మొగ్గుతాను. హైదరాబాద్ మొదలై పదిహేనేళ్లు దాటింది, బ్యాచ్‌లు బయటికొచ్చి స్థిరపడ్డాయి. పిలానీలో ఇష్టంలేని బ్రాంచ్, హైదరాబాద్‌లోనో గోవాలోనో ఇష్టమైన బ్రాంచ్ వస్తే రెండోదే తీసుకోండి. పిలానీకి సుదీర్ఘమైన పూర్వ విద్యార్థుల వరుస ఉన్నమాట నిజమే. కానీ వాళ్లు హైదరాబాద్ పిల్లల్ని కూడా తమవాళ్లుగానే చూస్తారు.

డీమ్డ్ సంస్థల ఆఫ్ క్యాంపస్‌లలో నాలుగు బ్యాచ్‌లు కూడా బయటికి రానివైతే పాత క్యాంపస్‌కే నా ఓటు, బ్రాంచ్ ఒక మెట్టు తగ్గినా సరే. సీఎస్ఈకి బదులు ఈసీఈ అయినా ఫర్వాలేదు. సీఎస్ఈకి బదులు అసలు ఆసక్తి లేని సివిల్ అయితే వద్దు. పదేళ్లు దాటిన ఆఫ్ క్యాంపస్ అయితే బ్రాంచ్ చూసుకోండి. రెండో ఏడాది బ్రాంచ్ మార్చుకోవచ్చులే, క్యాంపస్ మారొచ్చులే అన్న ఆశతో మాత్రం చేరకండి. ఆ సీట్లు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే ఉంటాయి.

విట్ లాంటిచోట అసలు తూకం ఫీజు దగ్గర. ర్యాంకు దిగేకొద్దీ పై ఫీజు కేటగిరీ వస్తుంది. ఒకే పిల్లాడికి వెల్లూరులో చివరి కేటగిరీ, అమరావతిలో తక్కువ ఫీజు కేటగిరీ వచ్చే సందర్భాలు చాలా చూశాను. ఏడాదికి లక్షన్నర తేడా అనుకుంటే నాలుగేళ్లకు ఆరు లక్షలు, అప్పు తెచ్చినవాళ్లకు దానిమీద వడ్డీ. పొలం అమ్మో, తాకట్టు పెట్టో కట్టాల్సిన ఇల్లయితే అమరావతి తీసుకోండి, ఏ వెలితీ పెట్టుకోవద్దు. ఆ ఇబ్బంది లేనివాళ్లు వెల్లూరుకో చెన్నైకో వెళ్లొచ్చు. ఇంకో విషయం, ఏపీలోని ప్రైవేట్ యూనివర్సిటీలు కొన్ని సీట్లను ఈఏపీసెట్ కౌన్సెలింగ్ ద్వారా కన్వీనర్ కోటాలో కూడా ఇస్తున్నాయి. మంచి ర్యాంకు ఉన్నవాళ్లు మేనేజ్‌మెంట్ ఫీజు కట్టేముందు అది చూసుకోవాలి. గీతం, కేఎల్ లాంటి డీమ్డ్ సంస్థలు ఆ కౌన్సెలింగ్‌లో ఉండవు.

పూర్తిగా మొదటి బ్యాచ్ అయితే? ఐఐటీ హైదరాబాద్ 2008లో ఎద్దుమైలారం ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ ఆవరణలో తాత్కాలికంగా మొదలైంది. కంది క్యాంపస్‌కు చేరడానికి ఏళ్లు పట్టింది. ఆ తొలి బ్యాచ్‌లు ఇబ్బందులు పడ్డాయి, అయినా నిలబడ్డాయి. ఎందుకంటే వెనక ప్రభుత్వ నిధులు, జేఈఈతో వడపోసిన పిల్లలు, ఐఐటీ స్థాయి అధ్యాపకులు ఉన్నారు. ఆ మూడింట్లో కనీసం రెండు ఉంటేనే మొదటి బ్యాచ్‌లో చేర్చండి. అమరావతిలో కొత్త క్యాంపస్ పెడతామని బిట్స్ 2025లో ప్రకటించింది. అలాంటి వాటిని ఈ కొలతతోనే చూస్తాను.

విదేశీ యూనివర్సిటీలు కూడా ఇప్పుడు వస్తున్నాయి. గుజరాత్‌లోని గిఫ్ట్ సిటీలో డీకిన్, వొలాంగాంగ్ 2024లో, గురుగ్రామ్‌లో సౌతాంప్టన్ 2025లో తరగతులు మొదలుపెట్టాయి. డిగ్రీ మాతృసంస్థదే, కానీ కోర్సులు కొద్ది. అక్కడికెళ్లి చదివితే వచ్చే వర్క్ వీసా ఇక్కడ చదివితే రాదు. బీటెక్ కోసం చూసే మన కుటుంబాలకు ప్రస్తుతానికి వీటి అవసరం పెద్దగా లేదు.

సీటు బ్లాక్ చేసేముందు

ఇది రాయకపోతే మా తమ్ముడు ఊరుకోడు. వాళ్లబ్బాయికి ఒకచోట సీటు బ్లాక్ చేయడానికి ఏప్రిల్‌లోనే డబ్బు కట్టించుకున్నారు, టెన్త్, ఇంటర్ ఒరిజినల్ మెమోలు కూడా తీసుకున్నారు. జూలైలో వేరేచోట సీటొస్తే మెమోలు ఇవ్వడానికి రోజుకో మాట చెప్పారు. ఇంట్లో అందరికీ ఒకటే టెన్షన్. యూజీసీ 2018 నోటిఫికేషన్ కాపీ పట్టుకుని వెళ్లాక గానీ పని జరగలేదు.

ఆ నోటిఫికేషన్ ప్రకారం ఒరిజినల్స్ సరిచూసి వెంటనే తిరిగిచ్చేయాలి, దగ్గర పెట్టుకోకూడదు. ప్రవేశాల చివరి తేదీకి 15 రోజుల ముందే మానుకుంటే, ప్రాసెసింగ్ కింద 5 శాతం (అదీ ₹5,000 దాటకుండా) మాత్రమే తగ్గించి మిగతాదంతా ఇవ్వాలి. 15 రోజుల్లోపు అయితే 90 శాతం, చివరి తేదీ దాటాక 15 రోజుల వరకు 80 శాతం, 16వ రోజు నుంచి 30వ రోజు వరకు 50 శాతం. ఆ తర్వాత ఏమీ రాదు. కొన్ని సంవత్సరాలకు యూజీసీ ఇంతకంటే మెరుగైన గడువులు ఇచ్చింది, కాబట్టి ఆ ఏడాది ఉత్తర్వు కూడా చూసుకోండి. కట్టిన ప్రతి రూపాయికీ రసీదు తీసుకోండి, ఆ రసీదు మీద క్యాంపస్ పేరు, బ్రాంచ్ పేరు రాయించుకోండి. "ముందు ఇక్కడ కట్టండి, తర్వాత మెయిన్ క్యాంపస్‌కు మారుస్తాం" అని ఎవరైనా అంటే ఆ మాటను కూడా అదే కాగితం మీద రాసి సంతకం పెట్టమనండి.

మా అక్క కూతురు పాత క్యాంపస్ ఈసీఈలో చేరింది. ఇప్పుడు ఫైనలియర్‌కు వచ్చింది. మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు అడిగితే, ఆ స్టూలు మీది అసిస్టెంటు వచ్చే ఏడాది రిటైరవుతున్నాడని, ఆయన దగ్గరే ఫైనల్ ప్రాజెక్టు బోర్డు పూర్తి చేయాలని తొందరపడుతున్నానని చెప్పింది.